మా అమ్మాయి అడిగిన ప్రశ్న

"టీ సంగతి నువ్వు చూసుకో" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "శనివారం శనివారం చర్చి వెనక గదిలో మాస్టారు క్లాసు మొదలుపెడుతున్నారు. పన్నెండు మందిమి. రెండు గంటలు బుర్ర పెట్టి కూర్చోవాలి. మధ్యలో ఒక టీ పడితే బావుంటుంది."

దేని గురించిన క్లాసో ఆమె అడగలేదు. ఆయనే చెప్పాడు, అద్దంలోకి చూస్తూ. "విశ్వాస సమర్థన. మనం నమ్మేదాన్ని ఎందుకు నమ్ముతున్నామో కారణాలతో సహా చెప్పగలగడం. అదంతా నీకు తలనొప్పిలే."

ఆమెకి వారం మొత్తం మీద తనదంటూ మిగిలేది శనివారం మధ్యాహ్నం ఒక్కటే. మిగతా రోజులు పెద్దాసుపత్రి బట్టల గదిలో పని. ఉతికే యంత్రాల నుంచి వేడివేడిగా వచ్చే దుప్పట్లని ఒక్కొక్కటీ వెలుగుకి ఎత్తి చూసి, చిరుగులుంటే కుట్టి, మడతపెట్టి, వార్డుల వారీగా అరల్లో పేర్చాలి. ఇంటికొస్తే అత్తగారి మందులు, వంట, గిన్నెలు, భర్త తెల్లచొక్కాలు. ఆయన ఆఫీసులో పెద్ద గుమాస్తా, చర్చిలో సంఘ పెద్ద. రెండు చోట్లా తెల్లచొక్కాయే. ఆయన అసలు పని చెయ్యడని కాదు. నెలకోసారి అటక మీద దుమ్ము దులుపుతాడు. దులిపాక వారం రోజులు "నీకు సాయం చేశాను కదా" అని గుర్తుచేస్తాడు. ఆమె చేసే పనికి మాత్రం ఆ ఇంట్లో సాయం అన్న పేరు కూడా లేదు. గాలి వీచినట్టు, పొద్దు పొడిచినట్టు అది దానంతటదే జరిగిపోతుందని అందరి లెక్క.

అలా శనివారం మధ్యాహ్నం కూడా పోయింది. చర్చి వెనక గదికి ఆనుకుని చిన్న వంటగది, రెంటికీ మధ్య గోడలో కప్పులు అందించే కిటికీ. ఆమె ఇటు పొయ్యి దగ్గర నిలబడితే అటు నల్లబోర్డులో సగం, మాస్టారి కుడిచెయ్యి, మగవాళ్ళ వీపులు కనబడేవి. మాస్టారు కాలేజీలో ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. దేవుడి గురించి చెబుతున్నా సుద్దముక్కతో గీత కొట్టి, "ఇంతవరకూ ఒప్పుకుంటారా? అయితే తర్వాతి మెట్టు" అనేవాడు.

మొదటి శనివారమే ఆయన అన్నాడు. "ఎవరైనా వచ్చి, నువ్వెందుకు నమ్ముతున్నావని అడిగితే, మా నాన్న నమ్మాడు కాబట్టి అంటే చాలదు. జవాబు మనది కావాలి. అదీ గొంతు పెంచకుండా, అడిగినవాళ్ళని చిన్నబుచ్చకుండా చెప్పాలి. అడగడం తప్పు కాదు. జవాబు లేకపోవడం కూడా తప్పు కాదు. వెతక్కపోవడం తప్పు."

ఆ మాటకి ఆమె చెయ్యి ఆగిపోయింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా కదల్లేదు. "టీ అక్కా, ఏమిటా వాసన?" అని ఎవరో అటునుంచి అరిచాక గానీ స్పృహలోకి రాలేదు.

ఆమెకి ఒక్కతే కూతురు. మాటలు వచ్చినప్పటి నుంచీ ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని చంపుతుంటే నాయనమ్మ విసుగెత్తి 'ఎందుకమ్మ' అని పేరు పెట్టింది. ఆ పేరే నిలిచిపోయింది. రెండేళ్ళ కింద, చదువు పూర్తయి నీటి పరీక్షల లేబొరేటరీలో ఉద్యోగం దొరికిన వారానికి, భోజనాల బల్ల దగ్గర ప్రార్థన చెయ్యమని తండ్రి అంటే ఎందుకమ్మ తలెత్తి, "చెయ్యలేను నాన్నా. నేను నమ్మడం లేదు. నటించడం ఇంక నా వల్ల కాదు" అంది. తండ్రి మొహం ఎర్రబడింది. సంఘంలో తన పరువు గురించి, పెంపకం గురించి, తల్లి ఇచ్చిన అలుసు గురించి ఆయన చాలాసేపు మాట్లాడాడు. పిల్ల అంతా విని, ఆయన వైపు కాక తల్లి వైపు తిరిగింది. "నాన్న చెప్పింది విన్నాను. నువ్వు చెప్పమ్మా. నువ్వెందుకు నమ్ముతున్నావ్?"

ఆమె చేతిలో గరిటె ఉంది. అందరూ తనవైపే చూస్తున్నారు. "నాన్ననడుగు" అంది.

పిల్ల కంచం తీసుకుని లేచింది. మర్నాడు పెట్టె సర్దుకుని ఉద్యోగమున్న ఊరికి, నాలుగు గంటల ప్రయాణం, వెళ్ళిపోయింది. "అదొచ్చి క్షమాపణ అడిగేదాకా ఈ ఇంట్లో దాని మాట ఎత్తడానికి వీల్లేదు" అన్నాడు భర్త. ఆమె చాటుగా బట్టల గది నుంచి ఫోను చేసేది. తిన్నావా, పడుకున్నావా, జ్వరం తగ్గిందా. తిన్నాను, పడుకున్నాను, తగ్గింది. నిమిషన్నరకి మాటలైపోయేవి. ఫోను పెట్టేశాక ఒక దుప్పటి తీసి ఊరికే మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టేది. పిల్ల మీద బెంగ ఒకటీ, దాని కింద ఇంకో బెంగ. నా పిల్ల నన్ను మొదటిసారి మనిషిగా లెక్కేసి ఒక మాట అడిగింది. నేను దాన్ని పక్క కుర్చీకి తోసేశాను. అలా ఎలా తోసేశాను? నా దగ్గర ఏమీ లేకనా, ఉన్నా నాదని తెలియకనా?

రెండో శనివారం నుంచి ఆమె టీ నెమ్మదిగా పెట్టడం మొదలుపెట్టింది. ఏ పొయ్యి మీదా ఏ టీ అంత నెమ్మదిగా కాగి ఉండదు. కొంగున పెన్సిలు దోపుకుని, టీపొడి పొట్లాం కాయితం వెనక రాసుకునేది. మొదలంటూ ఉన్న ప్రతిదానికీ ఒక కారణం ఉండాలి. లోకానికి మొదలుంది. కాబట్టి లోకానికి కారణముంది. మాస్టారు బోర్డు మీద సున్నా చుట్టి అందులో 'కారణం' అని రాసి, "దీన్ని కాదనగలిగినవాళ్ళు చెప్పండి" అన్నాడు. మగవాళ్ళ వీపులు కదల్లేదు. వాళ్ళు కాదనడానికి రాలేదు, అవుననడానికి వచ్చారు.

"మాస్టారూ" అంది ఆమె, కిటికీలోంచి. "కారణం ఉందనుకుందాం. అది మంచిదని ఎలా తెలుస్తుంది?"

పన్నెండు తలలు వెనక్కి తిరిగాయి. "టీ అక్కకి డౌటొచ్చిందిరోయ్" అని ఒకాయన నవ్వాడు. భర్త మాత్రం నవ్వలేదు. కూర్చున్న కుర్చీ కిరకిరమంది. మాస్టారు సుద్దముక్క కింద పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, ఆ కిటికీ అక్కడుందని అప్పుడే చూసినట్టు చూశాడు.

"నాలుగేళ్ళుగా వేరే వేరే చర్చిల్లో ఈ క్లాసు చెబుతున్నాను. ఈ చోట ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. వచ్చే వారం నుంచి మీరు ఇటొచ్చి కూర్చోండమ్మా."

"మరి టీ?" అన్నారు ఎవరో.

మాస్టారు కాస్త తడబడి, "టీ కూడా చూడండి" అన్నాడు.

రెండూ చూసింది. టీ ముందే పెట్టి ఫ్లాస్కులో పోసి, చెయ్యి తుడుచుకుని, చివరి వరసలో కూర్చునేది. ఇంట్లో భర్త ఎక్కువేమీ అనలేదు. "ఆడవాళ్ళు ఒక్కరైనా ఉంటే బావుంటుందని మాస్టారి ఉద్దేశం. నోట్సు రాసుకో, తప్పులేదు. ప్రశ్నలు మాత్రం ఇంటికొచ్చి నన్నడుగు" అన్నాడు. ఒకసారి అడిగింది కూడా. ఆయన చాలాసేపు చెప్పాడు. చివరికి చూస్తే అది ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు కాదు. ఆయనకి వచ్చిన జవాబు.

అయిదో వారం మాస్టారు ఒక పని ఇచ్చాడు. "మీ నమ్మకాన్ని కాదనే మనిషిని ఒకరిని వెతికి పట్టుకోండి. వాళ్ళ చేత ప్రశ్న అడిగించుకు రండి. మనంతట మనం వేసుకునే ప్రశ్న ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది." అలాంటి వాళ్ళని ఎక్కడ వెతుకుతాం మాస్టారూ, మనకెవరు తెలుసు అని మగవాళ్ళు గొణిగారు. ఆమె తలొంచుకుని కూర్చుంది. ఆమెకి వెతకాల్సిన పని లేదు. కడుపునే పుట్టింది.

సోమవారం మధ్యాహ్నం, బట్టల గదిలో భోజనం వేళ, ఫోను చేసింది.

"తిన్నాను, పడుకున్నాను" అంది ఎందుకమ్మ, ఇంకా అడక్కుండానే.

"అది కాదు. నాకో ప్రశ్న కావాలి."

అటు గాజుసీసాల చప్పుడు ఆగింది. "నాన్న చేయిస్తున్నారా? నన్ను మార్చడానికైతే ఇప్పుడే చెప్పమ్మా, పెట్టేస్తాను."

"ఆయనకి తెలీదు. నేను క్లాసుకి వెళ్తున్నాను. శనివారానికి ఒక ప్రశ్న తీసుకెళ్ళాలి. గట్టిది కావాలి. మెత్తటిదైతే నేనే వేసుకోగలను."

పిల్ల నవ్వింది. రెండేళ్ళ తర్వాత విన్న నవ్వు. ఆమె పక్కనున్న అరని గట్టిగా పట్టుకుంది.

"సరే. కారణం ఉందంటారు. ఒప్పుకున్నాననుకో. ఆ కారణం నన్ను పట్టించుకుంటుందని ఎలా చెప్తారు? మీ దుప్పటి మడత చూస్తే ఎవరో మడతపెట్టారని తెలుస్తుంది. వాళ్ళకి నా జలుబు సంగతి పట్టిందని ఎలా తెలుస్తుంది?"

ఆమె రెండు రోజులు ఆలోచించింది. ఆలోచించడం అంటే ఇదా అని ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ళూ ఆమె బుర్రలో తిరిగినవన్నీ జాబితాలు. ఏది అయిపోయింది, ఏది తేవాలి, ఎవరికి ఏ మాత్ర. ఇప్పుడు ఒకే ప్రశ్నని చంకన వేసుకున్న పిల్లలా గదులన్నీ తిప్పుతోంది. బుధవారం మళ్ళీ ఫోను చేసింది. "మడతపెట్టినవాళ్ళు ఊరికే ఎందుకు పెడతారు? ఎవరో దాని మీద పడుకుంటారనే కదా."

"జీతం కోసం పెడతారు."

"ఇంట్లో నేను జీతం లేకుండానే మడతపెడుతున్నానుగా."

"ఇందులో పాయింటుంది. రాసుకో" అంది ఎందుకమ్మ. తర్వాత, మెల్లిగా, "కానీ అమ్మా, అది ప్రేమతో పెడుతున్నావో అలవాటు కొద్దీ పెడుతున్నావో నీకైనా తెలుసా?"

"తెలీదు" అంది ఆమె. అన్నాక ఒళ్ళంతా తేలికైంది. నలభై ఎనిమిదేళ్ళలో ఆమె ఆ మాట అనడం, అన్నందుకు ఎవరూ చిన్నచూపు చూడకపోవడం అదే మొదలు.

ఆ తర్వాత వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నలభై నిమిషాలు. పిల్ల లేబొరేటరీలో గాజుసీసాలు కడుగుతూ మాట్లాడేది, తల్లి సూది దారం పెట్టుకుని చిరుగులు కుడుతూ మాట్లాడేది. "నువ్వు ఇందాక చెప్పిందీ ఇప్పుడు చెప్పిందీ పొసగడం లేదమ్మా" అనేది పిల్ల. ఆ మాట భర్త అంటే ఆమె కుంచించుకుపోయేది. పిల్ల అంటుంటే ఉత్సాహంగా ఉండేది, ఎందుకంటే మాట పొసగాలంటే ముందు ఆ మాటని వినాలి. విన్నవాళ్ళే అలా అనగలరు.

అయితే ఇంకో సంగతి కూడా జరిగింది. రుజువులు నేర్చుకుంటున్న కొద్దీ దేవుడు కాస్త దూరం జరిగినట్టనిపించేది ఆమెకి. ఇంతకు ముందు ఆయన బట్టల గదిలో, ఆ ఆవిరిలో, పక్కనే ఉండేవాడు. ఆమె సన్నగా పాట తీస్తే వినేవాడు. ఇప్పుడు మాస్టారి బోర్డు మీద సున్నాలో కూర్చున్నాడు. పాట తియ్యబోతే మధ్యలో ఎందుకమ్మ గొంతు వినబడి పాట ఆగిపోయేది. ఆ దగ్గరతనం నిజంగా నాదేనా, అమ్మానాన్నలిచ్చి పంపిన సామానుతో పాటు వచ్చిందా? తిరిగి కావాలనిపించేది. అదే కావాలి, కానీ ఈసారి తెలిసి కావాలి. ఇలా కోరుకోవడం కూడా ప్రార్థనేనేమో, ఆ సంగతి నోట్సులో ఎక్కడా లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం చొక్కాలు ఇస్త్రీ చేస్తూ పాఠం పైకి చదువుకుంటోంది. లోకంలో బాధ ఎందుకుందన్న పాఠం. మూడు జవాబులు, ఒకటి, రెండు, మూడు అని వరసగా. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న అత్తగారు ఇటు తిరిగింది. ఆవిడకి చెవులు సరిగా వినబడవు, కావాల్సినవి మాత్రం వినబడతాయి.

"అమ్మాయ్, మరి నా ముగ్గురు పిల్లలు పుట్టగానే పోయారు కదా. దానికేమంటాడు మీ మాస్టారు?"

ఆమెకి ఆ సంగతి తెలియదు. పాతికేళ్ళుగా కోడలు. భర్తకి ముందు ఇద్దరు, తర్వాత ఒకరు అని ఆవిడ చెప్పింది. పేర్లు కూడా చెప్పింది, మంచినీళ్ళు అడిగినట్టు మామూలుగా. ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి మూడు జవాబుల కేసి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. తరగతిలో చెబితే మార్కులు వస్తాయి.

"జవాబులున్నాయి అత్తయ్యా. మీకు చెప్పబుద్ధి కావట్లేదు."

"పోన్లే. అడగాలనిపించింది. ఇన్నేళ్ళలో అడగడానికి ఎవరున్నారు గనక" అంది అత్తగారు. ఆమె వెళ్ళి మంచం పట్టెమీద కూర్చుంది. చొక్కాలు ఆరోజుకి అలాగే ఉండిపోయాయి. సాయంత్రం భర్త నలిగిన చొక్కాతోనే ఆరాధనకి వెళ్ళాడు.

క్లాసు ముగిశాక రాతపరీక్ష. మీకు ఎదురైన ప్రశ్న, మీ జవాబు. పదకొండు పేజీలు రాసింది ఆమె. 'మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది' అని మొదలుపెట్టింది. దుప్పట్ల సంగతి రాసింది. సాక్షుల పాఠంలోంచి, ప్రభువు సమాధి దగ్గరకు పొద్దున్నే వెళ్ళి, అది ఖాళీగా ఉందని, ఆయన లేచాడని మొదట వచ్చి చెప్పిన ఆడవాళ్ళ గురించి రాసింది. ఆ కాలంలో ఆడదాని సాక్ష్యానికి విలువ లేదు. కథ కల్పించేవాళ్ళైతే మొదటి సాక్షులుగా ఆడవాళ్ళని పెట్టరు. పెట్టారంటే జరిగింది కాబట్టే పెట్టారని మాస్టారు చెప్పినప్పుడు, ఆ చివరి వరసలో ఆమె పెన్సిలు ఆపి తలెత్తింది. ఆఖరి పేజీలో అత్తగారి ప్రశ్న రాసి, కింద ఇలా రాసింది: 'దీనికి నా దగ్గర జవాబు లేదు. అడిగినావిడ పక్కన కూర్చున్నాను.'

అన్నిటికన్నా ఆమెదే బావుందన్నాడు మాస్టారు. ఆఖరి ఆదివారం చర్చిలో సభ. మూడు మంచి జవాబులు వేదిక మీద చదవాలి. బయట నుంచి వచ్చిన ముగ్గురు పెద్దమనుషులు ఎదురు ప్రశ్నలు వేస్తారు. వాటికి అక్కడికక్కడే జవాబు చెప్పాలి. ఆ మాట విన్న దగ్గర నుంచీ ఆమెకి ఆకలి లేదు. భయం కాదు. ముగ్గురు మనుషులు, ఆమెని చూస్తూ, ఆమె జవాబు చెప్పేదాకా ఆగుతారు. అలాంటిది ఒకటి జరుగుతుందన్న ఊహే కడుపు నింపేసింది.

శుక్రవారం సాయంత్రం భర్త కమిటీ నుంచి వచ్చి కాయితాలు అడిగాడు. వాకిట్లో కుర్చీ వేసుకుని పదకొండు పేజీలూ చదివాడు. "మాస్టారు దిద్దారా?" అన్నాడు.

"లేదు."

"బావుంది" అన్నాడు, ఎవరో బలవంతాన అనిపించినట్టు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "కమిటీలో మాట్లాడుకున్నాం. ఆడవాళ్ళు వేదికెక్కి మాట్లాడడం మన సంఘంలో ఆనవాయితీ కాదు. రాయడం వరకు ఫర్వాలేదు. నేను చదువుతాను. ఎవరు చదివితేనేం, మన ఇంట్లోదేగా. నువ్వు ముందు వరసలో కూర్చో, అందరికీ చెప్తాను నా భార్యే రాసిందని."

ఆమె మర్నాడు మధ్యాహ్నం మాస్టారి దగ్గరకు వెళ్ళింది. ఆయన వెనక గదిలో బోర్డు తుడుస్తున్నాడు.

"మాస్టారూ, సమాధి దగ్గరికి వెళ్ళిన ఆడవాళ్ళు వచ్చి నోటితోనే చెప్పారు కదా? కాయితం మీద రాసిచ్చి మగవాళ్ళ చేత చదివించలేదు కదా?"

మాస్టారి చెయ్యి బోర్డు మీద ఆగింది. "మీరన్నది నిజమే" అన్నాడు. "కమిటీతో వాదించానమ్మా. ఓడిపోయాను. గట్టిగా వాదించలేదేమో కూడా." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మంచి మనిషే. మంచి మనుషులు కూడా అక్కడిదాకానే వస్తారని ఆమెకి అర్థమైంది.

ఇంటికొచ్చేసరికి కాయితాలు బల్ల మీద ఉన్నాయి. భర్త చదవడానికి సిద్ధమైనట్టున్నాడు, అక్కడక్కడా పెన్సిలు గీతలు. ఆఖరి పేజీ మొత్తం కొట్టేసి పక్కన, 'జవాబు లేదు అనరాదు' అని రాసి ఉంది. ఆమె మొదటి పేజీ తిప్పింది. 'మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది' అన్న చోట మొదటి రెండు మాటల మీద అడ్డగీత. పైన గుండ్రటి అక్షరాలతో, 'ఒక అవిశ్వాసి.'

ఒక అవిశ్వాసి అడిగిన ప్రశ్న ఇది.

ఆమె నిలబడే మళ్ళీ చదివింది. తొమ్మిది నెలలు మోసి, పాలిచ్చి, జడలు వేసి, బడికి పంపి, జ్వరాలకి పక్కన కూర్చున్న పిల్లని ఒక గీతతో కొట్టెయ్యొచ్చు. పెన్సిలు మొన కూడా విరగలేదు. ఆయనకి దుర్మార్గం లేదు. సభలో ఇబ్బంది పడకూడదనుకున్నాడు, అంతే. కానీ ఈ పేజీని రేపు ఆయన తన మంచి గొంతుతో చదివితే, ఆ ప్రశ్న అడిగినదానికి తల్లి ఉండదు. జవాబు చెప్పినదానికి కూతురు ఉండదు. ఇద్దరూ లేకుండా మిగిలేది మాస్టారి సున్నా ఒక్కటే.

రబ్బరు తెచ్చి నెమ్మదిగా గీతలు చెరిపింది. కాయితాలు సంచిలో పెట్టింది.

పొద్దున్నే ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించింది. అత్తగారి మందులు విడివిడిగా పొట్లాలు కట్టి, ఏది ఎప్పుడో పైన రాసింది. "ఊరెళ్తున్నాను అత్తయ్యా" అంటే, "పిల్ల దగ్గరికేగా. వెళ్ళు. నా మందులు వాడిస్తాడులే, చేతులున్నాయిగా" అంది ఆవిడ.

భర్త స్నానం చేసి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేసరికి ఆమె గుమ్మంలో ఉంది.

"ఈ సంచేమిటి?"

"మనమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. కాయితాలు తీసుకెళ్తున్నాను."

ఆయనకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "మరి సభ? నేనేం చదవాలి?"

"మీరు నమ్మేది మీరెందుకు నమ్ముతున్నారో చెప్పండి" అంది ఆమె, గొంతు పెంచకుండా. ఆయన్ని చిన్నబుచ్చాలని కాదు. నిజంగానే వినాలని ఉందామెకి. పాతికేళ్ళుగా ఆయన గొంతు విన్నది, ఆయన సంగతి వినలేదు.

ఎందుకమ్మ గది సైకిళ్ళ రిపేరు కొట్టు పైన. తలుపు తీసి తల్లినీ సంచినీ చూసి, "నాన్నకేమైనా అయిందా?" అంది ముందు. ఏం కాలేదంటే అలాగే నిలబడిపోయింది. రెండేళ్ళలో పిల్ల చిక్కింది. జుట్టు కత్తిరించుకుంది. మెడ మీద పుట్టుమచ్చ బయటికి కనబడుతోంది. ఆమెకి చేత్తో తాకాలనిపించింది. తాకింది. పిల్ల తలుపు కూడా వెయ్యకుండా తల్లి భుజం మీద మొహం పెట్టుకుంది.

కాసేపటికి ఒకే ఒక్క కుర్చీ తల్లికిచ్చి, తను మంచం మీద బాసింపట్టు వేసుకుని, "ఊఁ, చదువు" అంది. ఆమె లేచి నిలబడి చదివింది. పదకొండు పేజీలూ. చెరిపిన చోట కాయితం కాస్త గరుగ్గా తగిలింది వేలికి. పిల్ల మధ్యలో అడ్డురాలేదు. నాయనమ్మ ప్రశ్న వచ్చినప్పుడు మొహం అటు తిప్పుకుంది. అయ్యాక కాయితాలు తీసుకుని తనే మళ్ళీ చదువుకుని, "రెండో పేజీలో ఒక మెట్టు ఎగిరి దాటేశావమ్మా" అంది.

"ఎక్కడ?"

చూపించింది. నిజమే. మాస్టారు కూడా పట్టుకోలేదు. ఇద్దరూ నేలమీద కాయితాలు పరిచి కూర్చున్నారు. మధ్యలో లేచి ఏదో వండుకున్నారు, తింటూ కూడా అదే. పిల్ల ఒప్పుకోలేదు. ఆడవాళ్ళ సాక్ష్యం దగ్గర మాత్రం, "ఇది బలంగా ఉంది, ఆలోచించాలి" అంది. తల్లి కూడా ఒకచోట, "ఇక్కడ నువ్వన్నదే కరెక్టనిపిస్తోంది, నేను ఇంకా వెతకాలి" అంది. అంటున్నప్పుడు బట్టల గదిలో పాట తీసేటప్పటి ఆ దగ్గరతనం లీలగా, గదిలో ఎవరో వచ్చి చప్పుడు చెయ్యకుండా కూర్చున్నట్టుగా అనిపించింది. పైకి చెప్పలేదు. రుజువు లేనిది. కానీ కిందనుంచి సైకిలు గంటలు వినబడుతున్న ఆ గదిలో, కూతురు భుజం తన భుజానికి తగులుతుండగా, ఇంకాస్త సేపు ఉండమని దాన్ని మనసులోనే బతిమాలుకుంది.

"నాకేం కావాలో తెలుసా?" అంది పిల్లతో. "గెలవాలని లేదు. నన్నెవరైనా అడగాలి. అడిగాక, చెప్పేదాకా ఆగాలి. అంతే."

ఎందుకమ్మ తల్లి చేతి మీద చెయ్యి వేసింది.

సాయంత్రం ఎండ పలచబడే వేళకి ఫోను మోగింది. భర్త.

"సభ అయిపోయింది" అన్నాడు. "మాస్టారు నీ గురించి అడిగారు. ఒంట్లో బాలేదని చెప్పాను."

ఆమె ఫోను చెవికి పెట్టుకునే లేచి బల్ల దగ్గరికి నడిచింది.

"నన్ను మాట్లాడమన్నారు. రెండు మాటలు చెప్పి కూర్చున్నాను." ఆగాడు. అటునుంచి కుర్చీ జరిగిన చప్పుడు. "అది... ఎలా ఉంది?"

"చిక్కింది. జుట్టు కత్తిరించుకుంది. బావుంది."

ఆయనకి ఎలా అడగాలో తెలియడం లేదని ఆమెకి తెలుస్తోంది. ఇదివరకైతే ఆ మాట కూడా తనే అందించేది, చెంబుతో నీళ్ళందించినట్టు. ఇప్పుడు ఆగింది. చివరికి ఆయనే అన్నాడు. "మరి, ఒప్పుకుందా?"

"లేదండీ" అంది ఆమె. "మేమింకా మాట్లాడుకోవడం అవ్వలేదు. ఆసుపత్రికి ఫోను చేసి వారం రోజులు సెలవు చెప్పేశాను."

ఫోను బల్ల మీద బోర్లా పెట్టి వచ్చి, కాయితాల మధ్య కూతురికి ఎదురుగా కూర్చుంది.

"ఊఁ" అంది. "కానీ, అడుగు."